పెన్ను తిప్పుదామంటే రాడ్ లేదు: చిన్న సప్లయర్ల దగ్గర సరుకు కొరతపై తరచుగా అడిగే ప్రశ్నలు

లేతు మీద పెన్నులు తిప్పేవాళ్లు, అంటే రాడ్‌ను గిర్రున తిప్పుతూ చెక్కి పెన్ను తీసేవాళ్లు, నన్ను అడిగే సందేహాల్లో సగానికి లేతుతో సంబంధమే ఉండదు. "ఆ రాడ్ ఎక్కడ దొరుకుతుందండీ?", "డబ్బు కట్టాను, ఫోనెత్తట్లేదు, పోయినట్టేనా?" ఇవే మళ్లీ మళ్లీ. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, చివరికి రాసి పెట్టాను. ఇక్కడ పెన్నంటే ఎక్కువగా ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు), అక్రిలిక్, చెక్కలతో తీసే ఫౌంటెన్ పెన్ను. మీకు ఏ ప్రశ్న ఉంటే దాని దగ్గరికే నేరుగా వెళ్లండి.

## కొనే ముందు

చిన్న సప్లయర్ల దగ్గర ఎప్పుడు చూసినా "స్టాక్ లేదు" అనే ఉంటుంది. వ్యాపారం చేయడం రాదా, ధర పెంచడానికి దాస్తారా?

ఒక్కసారి వాళ్ల కుర్చీలో కూర్చుని లెక్క వేయండి. ఎనిమిది రంగులు, ఒక్కో రంగులో 16, 18, 20 ఎం.ఎం. మందాలు. అంటే 24 రకాలు. రకానికి 5 కిలోల చొప్పున ఉంచినా 120 కిలోల సరుకు ఇంట్లో పడి ఉండాలి. అమ్మేది భార్యాభర్తలో, అన్నదమ్ములో, ఒక గదిలో. బ్యాంకు అప్పు ఉండదు, నల్ల రాడ్ అమ్మిన డబ్బుతోనే తర్వాతి బ్యాచ్ చేయించాలి. పైగా రంగు మారిన ప్రతిసారీ రాడ్ తయారుచేసే రబ్బరు మిల్లులో రోలర్లు శుభ్రం చేయాలి కాబట్టి మిల్లువాళ్లు "ఇంత బరువుకు తక్కువైతే ఆ రంగు వేయం" అంటారు. నెలకు రెండు కిలోలు పోయే రంగు కోసం ఏడాదికి సరిపడా సరుకు ఒకేసారి ఎవరు చేయించుకుంటారు? అందుకే అమ్ముడుపోయేవి ముందు వస్తాయి, అందమైనవి ఆగుతాయి. దాచేవాళ్లు అసలు లేరని అనను. కానీ నేను చూసిన కొరతల్లో ఎక్కువ భాగం ఈ లెక్క వల్ల వచ్చినవే.

రబ్బరే కదా, ఎబొనైట్ చేయడానికి అన్ని రోజులెందుకు?

టైరు రబ్బరులో గంధకం నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు. ఎబొనైట్‌లో పాతిక నుంచి నలభై దాకా. ఆ గంధకమంతా రబ్బరుతో కలిసి గట్టిపడాలి. 1851లో నెల్సన్ గుడ్‌ఇయర్ ఈ గట్టి రబ్బరుకు పేటెంటు తీసుకున్నాడు, నేటికీ ఇది నిదానంగా చేయాల్సిన పనే. అసలు చిక్కు ఏమిటంటే, గట్టిపడేటప్పుడు ఎబొనైట్ తనంతట తానే వేడెక్కుతుంది. తొందరపడి మంట పెంచితే రాడ్ మధ్యలో వేడి బయటికి పోయే దారి లేక బుడగలు కడతాయి, ఒక్కోసారి నడిమి భాగం పాడవుతుంది. కాబట్టి సెగ నెమ్మదిగా పెట్టి గంటల తరబడి ఉంచాలి. రాడ్ లావయ్యేకొద్దీ ఇబ్బంది ఎక్కువ. 16 ఎం.ఎం. దొరికినంత తేలిగ్గా 22 దొరకనిది ఇందుకే.

రిపుల్ అనే చారల రాడ్‌కు ఇంకో మెట్టు ఉంది. రెండు రంగుల రబ్బరు పలకలు పేర్చి, మడిచి, చుట్టి అప్పుడు సెగ పెట్టాలి. చేయి తిరిగిన మనిషి ఆ వారం సెలవు పెడితే రిపుల్ కూడా సెలవే.

రబ్బరుకీ ఒక రుతువుంది. మన దేశపు సహజ రబ్బరులో పెద్ద వాటా కేరళది. ఆకు రాలే ఫిబ్రవరి, మార్చిలో పాలు తగ్గుతాయి. జూన్, జులై వానల్లో చెట్టు గీయడం సాగదు. ఆ నెలల్లో షీటు ధర ఎగబాకితే చిన్న మిల్లు కొత్త బ్యాచ్‌ను వాయిదా వేస్తుంది.

ఒక పెన్నుకి ఎంత రాడ్ పడుతుంది? తక్కువ కొంటే మళ్లీ దొరకదేమోనని భయం.

మామూలు సైజు పెన్నుకి మూతకు 65, ఒంటికి 80, పట్టుకునే భాగానికి 30 ఎం.ఎం. వేసుకోండి. మొత్తం 175. రంపపు కోత, చక్‌లో (లేతులో రాడ్‌ను బిగించే పట్టు) పట్టుకునే చివర, మొదటి రెండు పొరపాట్లు కలిపి 200 అనుకుంటే మంచిది. మీటరు రాడ్‌లో నాలుగు పెన్నులు ఖాయం, ఐదోది మీ చేతి నిదానాన్ని బట్టి. కొంతమంది కిలోల లెక్కన అమ్ముతారు. 18 ఎం.ఎం. ఎబొనైట్ మీటరుకు దాదాపు 300 గ్రాములు, 16 ఎం.ఎం. అయితే 240 గ్రాములు. కిలో కొంటే 18లో మూడు మీటర్ల పైచిలుకు వస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నాలుగు రంగుల్లో పావు మీటరు ముక్కలు కొంటారు. నన్నడిగితే ఒకే రంగు మీటరు కొనండి, చేయి కుదిరేదాకా.

ముందు రాడ్ కొనాలా, పాళీ కొనాలా?

పాళీ. పాళీ అంటే ఇక్కడ ఫీడ్ (పాళీకి ఇంకు అందించే ముక్క), హౌసింగు (రెండింటినీ పట్టి ఉంచే మర గొట్టం)తో కలిపి వచ్చే యూనిట్. పట్టుకునే భాగంలో మీరు వేసే కన్నం, మర రెండూ దాని కొలతలతోనే వేయాలి. బెర్లిన్‌లో జోవో, హైడెల్‌బర్గ్‌లో బాక్ చేసే 6 నంబరు యూనిట్లు పైకి కవలల్లా ఉంటాయి కానీ హౌసింగు మరలు ఒకటి కావు. ఒకదానికి వేసిన కన్నంలో రెండోది బిగించబోతే సగంలో ఆగుతుంది, లేదా మర చెడుతుంది. "జోవో అయిపోయింది, బాక్ పంపనా?" అని సప్లయర్ అడిగితే వెంటనే సరేననకండి. మీ దగ్గర దానికి సరిపడే ట్యాప్ (కన్నంలో మర వేసే పరికరం) ఉందో లేదో చూసుకోండి. మన దేశపు కాన్‌రైట్ పాళీలు చాలామందికి అందుబాటులో ఉంటాయి, వాటికీ కొలత వేరుగానే తీసుకోవాలి. ఏదైనా సరే, పాళీ చేతిలోకొచ్చి వెర్నియర్‌తో కొలిచాకే డ్రిల్ బిట్ ముట్టుకోండి. క్లిప్పు, రింగులదీ అంతే.

రాజమండ్రి పెన్నులకి పేరు కదా. అక్కడికి వెళ్తే రాడ్లు కొనుక్కోవచ్చా?

పేరు నిజమే. రత్నం పెన్నును స్వదేశీ పెన్నుగా అందుకుని, విదేశీ పెన్నులకు బదులుగా బాగుందని గాంధీజీ 1935లో రాసిన ఉత్తరాన్ని ఆ ఊరు ఇప్పటికీ గుర్తు చేసుకుంటుంది. గైడర్ పెన్నులదీ ఆ ఊరే. కానీ వాళ్లు పెన్నులు చేసేవాళ్లు, రాడ్ల దుకాణం పెట్టలేదు. వాళ్లకూ బయటి నుంచే రాడ్ రావాలి, కొరత వాళ్లకూ తగులుతుంది. వెళ్లండి, పెన్ను కొనండి, చేసే తీరు చూడనిస్తే చూడండి. "మీ రాడ్లలో నాలుగు ఇవ్వండి" అని మాత్రం అడగకండి. వంటవాడి దగ్గరికెళ్లి బియ్యం అడిగినట్టుంటుంది.

మంచి రంగు కనబడగానే కొని దాచుకోవడం తెలివైన పనేనా?

మూడు నాలుగు పెన్నులకు సరిపడా, అవును. ముప్పైకి సరిపడా అయితే మీరే ఇంకొకరికి కొరత తెచ్చిపెడుతున్నారు. నా అరలో ఏళ్ల తరబడి కదలని బచ్చలిపండు రంగు రాడ్లున్నాయి. నాకే గుణపాఠం.

## ఆర్డరు పెట్టాక

డబ్బు కట్టి రెండు నెలలైంది. "వచ్చే వారం" అనే అంటున్నారు. ఏం చేయాలి?

ముందు సూటిగా ఒక ప్రశ్న వేయండి: "రాడ్ మిల్లు నుంచి మీ దగ్గరికి వచ్చిందా, ఇంకా సెగలో ఉందా, లేక బ్యాచ్ మొదలే కాలేదా?" ఈ మూడింట్లో ఏదో చెప్పగలిగితే మనిషి నిజాయతీపరుడే, ఆగవచ్చు. మూడోసారీ "వచ్చే వారం" అనే వస్తే తేదీ వేసి రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్ మెసేజీ అయినా చాలు. ఆన్‌లైన్‌లో కొన్న సరుకు చెప్పిన గడువు దాటి వస్తే దాన్ని వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగివ్వనని అమ్మినవాళ్లు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. చేతిలో లేని విపత్తు వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయింపు ఉంది. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. గ్రూపుల్లో పేరు పెట్టి తిట్టడం చివరి మెట్టు. చిన్నవాళ్ల వ్యాపారం ఒక్క పోస్టుతో మూతపడుతుంది, ఆ తర్వాత మీకు రాడ్ ఇచ్చేవాడూ ఉండడు.

ప్రీ-ఆర్డరుకి ఎంత అడ్వాన్సు ఇవ్వొచ్చు?

నేనైతే సగం. తెలిసిన మనిషి, పాత ఆర్డర్లేవీ బాకీ పెట్టని మనిషి అయితే పూర్తిగా. మొదటిసారి కొంటూ మొత్తం కట్టమంటే వెయ్యి రూపాయలకు మించి వెళ్లను.

విదేశాల నుంచి తెప్పిస్తే త్వరగా వస్తుందా?

సరుకు ఉంటుంది, త్వరగా మాత్రం రాదు. కస్టమ్స్‌లో ఆగడానికి ముఖ్య కారణం పార్శిల్ మీద వివరం సరిగ్గా లేకపోవడం. కస్టమ్స్ సుంకాల పట్టికలో ఎబొనైట్ రాడ్‌ను గట్టి రబ్బరు కింద 4017 శీర్షికలో, ప్లాస్టిక్ రాడ్లను 3916లో చూపిస్తారు. "హాబీ సరుకు" అని రాసి పంపితే అధికారికి ఏమీ అర్థం కాదు, పార్శిల్ బల్ల మీదే ఉంటుంది. పంపేవారికి ఈ నంబర్లు ముందే చెప్పండి. సుంకం, కొరియర్ వాళ్ల రుసుము కలిపితే రాడ్ ధరకు దగ్గరగా వచ్చిన రోజులున్నాయి.

కిట్లు (గొట్టాలు, క్లిప్పు, పాళీ లాంటి భాగాలు కలిపి వచ్చే సెట్లు), క్లిప్పులు చాలావరకు చైనా, తైవాన్‌ల నుంచి వస్తాయి. జనవరి, ఫిబ్రవరిల మధ్య వాళ్ల కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూస్తారు. ఆ లోటు మనకు మార్చి, ఏప్రిల్‌లో తెలుస్తుంది. అందుకే నేను ఆ సామాన్లు నవంబరులోనే చెబుతాను.

సెల్యులాయిడ్ మోజు ఉన్నవాళ్లకి ఒక మాట. అది నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిసిన పదార్థం, భగ్గున మండుతుంది. రవాణా నిబంధనల్లో మండే ఘనపదార్థాల 4.1 తరగతి. మామూలు తపాలాలో, చాలా కొరియర్లలో వెళ్లనే వెళ్లదు. పైగా తయారైన రాడ్ నెలల తరబడి ఆరాలి, ఆరని రాడ్‌తో చేసిన పెన్ను తర్వాత ముడుచుకుంటుంది. కనుక దాని కొరత ఇప్పట్లో తీరదు.

మా అబ్బాయి డాలస్‌లో పెన్నులు చేస్తాడు. ఇక్కడి ఎబొనైట్ పంపుదామంటే పోస్టాఫీసులో తీసుకోలేదు. ఎందుకు?

అమెరికా 800 డాలర్లలోపు సరుకుకు ఇచ్చే సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ తీసేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలాశాఖ ఆగస్టు 25 నుంచే చాలా రకాల పార్శిళ్లను ఆపింది, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఏడు వారాల్లో ఇక్కడి చిన్న రాడ్ సప్లయర్ల దగ్గర సరుకు ఉండీ అక్కడివాళ్లకు కొరతే. ఇప్పుడు పంపేటప్పుడు సుంకం ఎంత, ఎవరు కడతారు అన్నది కౌంటరులో ముందే అడగండి, రేట్లు మారుతూ ఉంటాయి.

## సరుకు లేక పని ఆగినప్పుడు

ఎబొనైట్ దొరక్కపోతే బదులుగా ఏం వాడొచ్చు?

అక్రిలిక్ మొదటి బదులు. రంగులు బోలెడు, పాలిష్ బాగా పడుతుంది. కాకపోతే డ్రిల్ వేడికి మెత్తబడి బిట్‌కు అతుక్కుంటుంది. ప్రతి రెండు మూడు ఎం.ఎం.కి బిట్ బయటికి తీసి పొట్టు దులపాలి. అక్రిలిక్ పేరుతో అమ్మే మెరుపు రాడ్లలో కొన్ని నిజానికి పాలియెస్టర్ రెసిన్. అవి ఇంకా పెళుసు, చివర్లు పెచ్చులూడుతాయి. పదునైన పరికరం, తేలికైన కోత తప్పనిసరి. అసెటల్ అనే తెల్లటి లేదా నల్లటి ఇంజనీరింగ్ రాడ్ ప్లాస్టిక్ దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది, వెన్నలా కోస్తుంది. జిగురు పట్టదు, మెరుపూ రాదు. అయినా కొత్త డిజైన్‌కు నమూనా తీయడానికి అంతకు మించింది లేదు. ఖరీదైన రాడ్ మీద కొలత తప్పే బదులు దీని మీద తప్పండి.

చెక్కతో చేద్దామనుకుంటున్నాను. ఏ చెక్క, ఏది చట్టానికి విరుద్ధం?

ఇంట్లో పాత తలుపు టేకు, చింత చేవ, నేరేడు, బిల్లుడు, ఇవన్నీ పెన్నుకు పనికొస్తాయి. బాగా ఆరి ఉండాలి. పచ్చిగా తిప్పితే కన్నం అండాకారమవుతుంది. చెక్క బ్లాంకులు (పెన్ను సైజుకు కోసిన ముక్కలు) అమ్మే చిన్న సప్లయర్ల దగ్గర కొరతకు కారణం కూడా ఈ ఆరడమే. మెత్తటి చెక్కను స్టెబిలైజింగ్ రెసిన్‌లో వాక్యూమ్ కింద నానబెట్టి, సుమారు 90 డిగ్రీల్లో గట్టిపరిస్తారు. అందులో ఏమాత్రం తేమ ఉన్నా రెసిన్ లోపలికి దిగదు, కాబట్టి ముందు ఓవెన్‌లో పెట్టి తూకం తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి.

ఏటికొప్పాక లక్క బొమ్మలు తిప్పే అంకుడు కర్రను పెన్నుకు అడుగుతుంటారు. తేలిక, నునుపు, లక్క అద్భుతంగా పడుతుంది. కానీ ఆ కర్ర బొమ్మలు చేసేవాళ్లకే కష్టంగా దొరుకుతోంది. మనం పోటీకి వెళ్లడం నాకు నచ్చదు.

ఎర్రచందనం విషయంలో మొహమాటం వద్దు. కాగితాలు లేని ముక్క వేలెడంత అయినా కొనకండి. "మావాళ్ల ఇంట్లో పాత ముక్క ఉంది" అన్న మాట చెక్‌పోస్టులో పనిచేయదు. అది 1995 నుంచి సైటిస్ జాబితాలో ఉంది, అంటే అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో. ఇరుగుడు కుటుంబం, అంటే డాల్బెర్జియా జాతులన్నీ 2017 జనవరి నుంచి ఆ జాబితాలోకి వచ్చాయి. తయారైన చిన్న వస్తువులకు ఉన్న మినహాయింపు బ్లాంకు ముక్కకు వర్తించదు.

కన్వర్టర్లు (పెన్ను లోపల ఇంకు పీల్చి ఉంచే చిన్న గొట్టాలు) ఎక్కడా లేవు. పది పెన్నులు సగంలో ఉన్నాయి.

ఐడ్రాపర్‌గా మార్చేయండి. ఒంటినే ఇంకు తొట్టిగా వాడటం మన చేతిపెన్నులకు అలవాటైన పద్ధతే. పట్టుకునే భాగం, ఒళ్లు కలిసే మర బిగువుగా, పొడుగ్గా ఉండాలి, సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. లోపల లోహపు గొట్టం ఉన్న డిజైనైతే వద్దు, తుప్పు పడుతుంది. కొనేవాళ్లకు ఒక సంగతి చెప్పండి: ఇంకు పావువంతుకు వచ్చాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి చుక్క రాలుస్తుంది. కాబట్టి ఆ లోపే నింపుకోవాలి.

నేను వాడే కిట్ మోడల్ ఆగిపోయింది. కొన్న బుషింగులు వృథానా?

బుషింగు అంటే కొలత చెప్పే ఉంగరం, అంతే. ఆ కిట్‌కు పనికిరాకపోయినా బయటి వ్యాసం సరిపోయే వేరే మోడల్‌కు వాడుకోవచ్చు. అసలు బుషింగు లేకుండా, రెండు సెంటర్ల మధ్య పెట్టి వెర్నియర్‌తో కొలుస్తూ తిప్పడం నేర్చుకోండి. 7 ఎం.ఎం. గొట్టం కిట్లు ఎన్ని వచ్చినా, ఎన్ని పోయినా మీ పని ఆగదు.

13×0.8 (13 ఎం.ఎం. వ్యాసం, మర మెట్ల మధ్య 0.8 ఎం.ఎం.) మూడు-మొదళ్ల ట్యాప్ కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. అది లేకుండా మూత మర వేయలేనా?

వేయొచ్చు. మూడు-మొదళ్ల మరలో మూడు మరలు పక్కపక్కనే నడుస్తాయి, కాబట్టి ఒక్క చుట్టుకి 2.4 ఎం.ఎం. దిగుతుంది, అందుకే మూత చుట్టున్నరలో వస్తుంది. ఒకే మొదలున్న 0.8 మరతో అదే మూతకు మూడింతలు తిప్పాలి. పెన్ను రాస్తుంది, మూత పడుతుంది, కాస్త ఓపిక కావాలి. ఈ ట్యాపులు పెద్ద కంపెనీలు మామూలుగా చేయవు, కొనేవాళ్లు గుంపుగా చేరినప్పుడు ఎవరో ఒక టూల్ రూమ్ చేసిపెడుతుంది.

## సరుకు చేతికొచ్చాక

కొత్త బ్యాచ్ రాడ్ రంగు పాతదానిలా లేదు. వేరే సరుకు అంటగట్టారా?

ఎక్కువ శాతం కాదు. రంగు పొడి పాళ్లు, సెగ సమయం కొద్దిగా మారినా ఎబొనైట్ ఛాయ మారుతుంది. ఎరుపులో బాగా తెలుస్తుంది. ఒక పెన్ను మూత, ఒళ్లు ఒకే రాడ్ నుంచి తీయడం అలవాటు చేసుకోండి. రిపుల్ అయితే కోసిన వరస కూడా పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, చారలు కలుస్తాయి.

రాడ్ మధ్యలో బుడగలు బయటపడ్డాయి. సగం తిప్పేశాక వెనక్కి తీసుకుంటారా?

మంచి సప్లయర్ ఫోటో చూసి ముక్క మార్చి ఇస్తాడు. కానీ ఆ రంగు అయిపోయి ఉంటే ఏం మారుస్తాడు? రాగానే రెండు చివర్లూ ఐదు ఎం.ఎం. కోసి చూడండి. కోత ముఖం మీద సూది పొడిచినట్టు చుక్కలుంటే ఆ రోజే చెప్పండి. మధ్యలో మాత్రమే బుడగలుంటే ఆ భాగాన్ని మూతకు వాడండి, ఎలాగూ కన్నం వేసి తీసేసేది ఆ నడిమి భాగాన్నే.

రాడ్ ఎన్నాళ్లు దాచొచ్చు?

చీకట్లో పెడితే ఏళ్లు. ఎండ తగిలితే నలుపు గోధుమ, ఆకుపచ్చ ఛాయలకు తిరుగుతుంది, ఉపరితలం వరకే కాబట్టి తిప్పితే పోతుంది. గంధకం వాసన బయటికి వస్తూ ఉంటుంది కనుక వెండి క్లిప్పులు, పాళీలు అదే డబ్బాలో పెట్టకండి, నల్లబడతాయి.

## మీరే పెన్నులు అమ్ముతుంటే

కస్టమరు అడిగిన రంగు దొరకట్లేదు. ఎలా చెప్పాలి?

ఆర్డరు తీసుకునే రోజే చెప్పాలి. ఒకసారి పదవీ విరమణ కానుకగా ఆరు పెన్నులు, ముదురు ఆకుపచ్చ రిపుల్, అడిగారు. రాడ్ చేతిలో లేకుండానే సరేనన్నాను. సప్లయర్ కూడా సరేనన్నాడు. ఆ బ్యాచ్ సెగలో పాడైంది. సభకు నాలుగు రోజుల ముందు వెళ్లి నల్ల పెన్నులు ఆరు చూపించి తలదించుకున్నాను. వాళ్లు తీసుకున్నారు, మర్యాదకి. అప్పటి నుంచి నా అరలో ఉన్న రాడ్ల ఫోటో పంపి "ఇందులో ఎంచుకోండి" అంటాను. లేని రంగు కావాలంటే తేదీ ఇవ్వను, రాడ్ వచ్చాక నెల అని చెబుతాను.

మేం పదిమంది కలిసి ఒక రంగు బ్యాచ్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, కొరతకు ఇంతకన్నా నేరుగా పనిచేసే మందు నేను చూడలేదు. మిల్లు 20 కిలోలకు తక్కువ వేయదనుకోండి. తలా రెండు కిలోలు, 18 ఎం.ఎం. అయితే ఒక్కొక్కరికీ ఆరున్నర మీటర్ల పైన, అంటే పాతిక పెన్నులకు పైగా. డబ్బు ఒక్కరి ఖాతాలో కాకుండా నేరుగా సప్లయర్‌కు పోవాలి, వీలైతే పదీ విడివిడి బిల్లులు. రంగు నమూనా ముక్క చేతిలో పట్టుకుని ఒప్పుకోండి, ఫోన్ ఫోటో చూసి కాదు. మందం ఒక్కటే ఎంచుకోండి, "నాకు 16, నాకు 20" మొదలైతే బేరం అక్కడే చెదురుతుంది. వచ్చిన సరుకులో బుడగల ముక్కలు ఎవరి వాటాలోకి వెళ్తాయన్నది ముందే మాట్లాడుకోండి. మా గుంపులో తగువు వచ్చింది ఒక్క దాని మీదే, అప్పుడు చీటీలు వేసి పంచుకున్నాం.